లోపలివైపు జొన్నకంకులు

చెక్క మీద నగిషీ నేర్చుకుంటామని వచ్చే కుర్రాళ్లు ఇప్పటికీ నన్ను మొదట అడిగేది, ఏ ఉలి కొనమంటారు సార్ అని. ఏదైనా కొనుక్కో నాయనా, ముందు దాన్ని సాన పట్టడం నేర్చుకో అంటాను. వెంటనే మొహాలు మాడిపోతాయి. ఫోన్‌లో చూసిన వీడియోలో ఆయనెవరో సాన పట్టకుండానే గులాబీ చెక్కేశాడు కదా అని వాళ్ల అనుమానం. సాన పట్టిన భాగం కోసేసి మిగతాది చూపించారు, అంతే. మా ఉద్యోగాల్లో ముప్పాతిక వంతు అలా కోసేయదగ్గదే. నేను కూడా అదంతా వదిలేసి, జహీరాబాద్‌లో నా సర్వీసు చివరి రోజుల్లో ఒక డప్పు చట్రం కోసం పడిన పాట్లు మాత్రం చెబుతాను. చెక్క వంచడం ఎలా మొదలుపెట్టాలో అందులో కొంత తెలుస్తుంది. ఎలా మొదలుపెట్టకూడదో ఇంకా బాగా తెలుస్తుంది.

నేను కార్పెంటరీ ఇన్‌స్ట్రక్టర్‌ని. మా సంస్థకు కొన్ని ఊళ్లలో శిక్షణ కేంద్రాలు ఉండేవి. సర్వీసంతా దర్వాజాలు, కిటికీలు, బల్లలు నేర్పాను. మూలమట్టం పెట్టి చూస్తే సందులోంచి వెలుతురు కనపడకూడదు, అదే నా మతం. రిటైర్మెంటు దగ్గర పడుతుండగా నన్ను జహీరాబాద్ కేంద్రానికి వేశారు. సరిగ్గా అప్పుడే మా కార్యదర్శిగారు ఏదో నగరంలో, ఏదో హోటల్లో, చేతులు వంపు తిరిగిన కుర్చీలో కూర్చుని వచ్చారు. ఆ వంపు ఆయనకు తెగ నచ్చింది. తిరిగి రాగానే 'అలంకార నగిషీ, చెక్క వంపు' అనే కొత్త కోర్సు ప్రకటించి దాన్ని నాకు అప్పజెప్పారు.

"సార్, నగిషీ కొంచెం వచ్చు. వంచడం మాత్రం నాకు రాదు" అన్నాను.

"నేర్చుకుని నేర్పండి. పని వచ్చి నేర్పేవాళ్లయితే మన జీతానికి ఎందుకొస్తారు?" అన్నారాయన.

కేంద్రం ముంబయి హైవే పక్కనే ఉండేది. పక్క షెడ్డు వెల్డింగ్‌ది. ఊళ్లో ట్రాక్టర్ల కార్ఖానా ఉంది కాబట్టి వెల్డింగ్ నేర్చినవాడికి ఏదో ఒక పని దొరుకుతుందని కుర్రాళ్లు అక్కడ కిటకిటలాడేవాళ్లు. నా షెడ్డులో మొదట చేరిన కొద్దిమందీ ఆరంభశూరులు. సాన పట్టడం దగ్గరే విసుగెత్తి ఒక్కొక్కరూ పక్క షెడ్డుకు జారుకున్నారు. చివరికి ఉలులూ నేనూ మిగిలాం. రోజూ వాటిని సాన పట్టి, తుడిచి, వరుసగా పేర్చి, సాయంత్రం తాళం వేసుకుని వెళ్లేవాణ్ని.

నాకు పెళ్లి ఒకప్పుడు కుదరలేదు, తర్వాత నేనే కుదుర్చుకోలేదు. ఊరు మారిన ప్రతిసారీ ఒక మంచం, ఒక స్టవ్వు, పనిముట్ల పెట్టె కదిలేవి. జహీరాబాద్‌లో బస్టాండు దగ్గర ఎరువుల దుకాణం మీద ఒక గది తీసుకున్నాను. సాయంత్రం ఆ గది తలుపు వేసుకుంటే మళ్లీ పొద్దున షెడ్డుకు వచ్చేదాకా ఎవరితోనూ మాట్లాడని రోజులే ఎక్కువ. మెస్సులో 'ఇంకొంచెం పప్పు' అనడాన్ని మాట్లాడటం కింద కడితే తప్ప. మిగతా ఊళ్లలో పిల్లల గోలలో ఆ సంగతి నాకు పెద్దగా తెలియలేదు. ఇక్కడ ఖాళీ షెడ్డులో కూర్చుంటే బాగా తెలిసింది.

ఒక వానాకాలపు పొద్దున ఒక మనిషి తల మీద గోనెసంచి కప్పుకుని వచ్చి గుమ్మం దగ్గర నిలబడ్డాడు. నా ఈడుకు కొద్దిగా తక్కువ ఉంటాడు. ఎడమ భుజం కుడిదానికన్నా కిందికి వాలి ఉంది.

"సార్, ఈడ కట్టెను వంచుడు నేర్పుతరట గద?"

"నేర్పుతం. ఎవరిని చేర్పిస్తవు, కొడుకునా?"

"నేనే చేరుత సార్."

వెల్డింగ్ ఇన్‌స్ట్రక్టర్ అప్పుడే టీ పట్టుకుని మా షెడ్డులోకి వచ్చాడు. బీదర్ వైపు మనిషి, వేళాకోళం లేకుండా పూట గడవదు ఆయనకు. ఆ మనిషిని కిందికీ మీదికీ చూసి, "మాస్టర్ సాబ్, మొక్కై వంగనిది మానై వంగుతదా?" అన్నాడు.

"వంచేది నన్ను గాదు సాబ్, కట్టెను" అన్నాడు వచ్చినవాడు. వెల్డింగ్ ఆయన నవ్వేసి తన టీ అతని చేతికిచ్చాడు.

అతనిది మొగుడంపల్లి దాటాక ఒక చిన్న ఊరు. పంట కాలంలో చెరుకు నరకడానికి పోతాడు, పండుగలకూ పెళ్లిళ్లకూ డప్పు కొడతాడు. వాళ్ల ఇంటి మగవాళ్లంతా డప్పుల వాళ్లే, జట్టుకు పెద్ద అతని తమ్ముడు. కిందటేడు చెరుకు ట్రాలీ మీద నుంచి పడి భుజం దిగింది. దవాఖానలో ఎక్కించారు గానీ అది ముందరిలా కాలేదు. ఇప్పటి డప్పులన్నీ ఇనుప చట్రాలు. ఆ బరువు భుజాన వేసుకుని ఊరు చుట్టే ఊరేగింపులో అతను సగం దూరం కూడా నడవలేకపోతున్నాడు. తమ్ముడు అతన్ని వరుసలోంచి తప్పించాడు.

"ఫైబర్ చట్రాలు వస్తున్నయి గద, తేలిక" అన్నాను.

"దాని సప్పుడు పెయింటు డబ్బ సప్పుడు సార్. మా తమ్ముడు దగ్గరికి రానియ్యడు. వరుసల ఒక్కటి పల్చగ పలికినా అన్ని చెడ్తయంటడు. మా తాత కాలంల కట్టె చట్రాలే ఉండెనంట. తేలిక ఉండె, సప్పుడు గూడ మంచిగ ఉండెనంట. గసొంటిది ఒకటి చేసుకుంట. కోతల పండుగకు నేను మళ్ల వరుసల నడవాలె."

కోతల పండుగ అంటే వాళ్ల చర్చిలో పంట చేతికొచ్చాక జరిగేది. ఎవరి చేలో పండింది వాళ్లు తెచ్చి, వాళ్లు గుడి అనే పిలిచే ఆ చర్చిలో పెడతారు. ఊరి చివర పొలం నుంచి చర్చి గుమ్మం దాకా ముందు డప్పులు, వెనక జొన్నలు, కందులు, అల్లం, చెరుకు గడలు, కోళ్లు. తన చిన్నప్పటి నుంచీ ఆ వరుసలో తప్పిపోయింది కిందటేడు ఒక్కసారేనని, ఆ రోజు ఇంట్లో తలుపేసుకుని పడుకున్నానని చెప్పాడు. చెబుతూ మొహం పక్కకు తిప్పుకున్నాడు.

ఆ పూటే చేర్చుకున్నాను. డప్పు చట్రం ఎలా చేస్తారో నాకు తెలియదన్న సంగతి మాత్రం కొన్నాళ్లు అతనికి చెప్పలేదు.

ముందు నగిషీతో మొదలుపెట్టించాను, అది నాకు వచ్చు కాబట్టి. వేప చెక్క ముక్క మీద ఒక ఆకు గీసి, గుండ్రటి నోరున్న ఉలి చేతికిచ్చాను. చెరుకు నరికే చెయ్యి అది. మొదటి దెబ్బకే ఆకు నిలువునా రెండైంది.

"కొడవలి కాదయ్యా అది. నార ఎటు పోతున్నదో చూడు. నార వెంట పోతే ఉలి నీ మాట ఇంటది, ఎదురు పోతే దాని మాట నువ్వు ఇనాలె."

"మా ఇంటిదానోలె అన్నమాట" అన్నాడు గంభీరంగా.

నెమ్మదిగా చేయి కుదిరింది. ఆకు అంచు దగ్గర చెక్క తీసేసి ఆకును పైకి లేపడం వచ్చిన రోజున ఆ ముక్కను బొటనవేలితో ఎంతసేపు తడిమాడో. "సార్, ఇది నేనే చేసిన్నా?" అని రెండు మూడుసార్లు అడిగాడు. జీవితంలో మొదటిసారి తను చేసింది ఎవరూ తినకుండా, ఎవరూ నరికి లారీకి ఎత్తకుండా మిగిలిందన్నాడు. ఆ ముక్కను జేబులో పెట్టుకుని ఇంటికి తీసుకుపోయాడు.

మధ్యాహ్నం ఇద్దరం కలిసి తినేవాళ్లం. అతని భార్య కట్టిచ్చిన జొన్న రొట్టెలో సగం నాకు పెట్టేవాడు, మెస్సు కూర నేను పెట్టేవాణ్ని. వానలు పడి చేలో పని దొరికిన రోజు రాడు. ఆ రోజు నాకు దిగులుగా ఉండేది. అప్పుడు దాన్ని కోపం అనుకునేవాణ్ని. కోర్సులో చేరి ఇలా మానేస్తే ఎలా అని గొణుక్కునేవాణ్ని. నిజానికి పొద్దున తాళం తీస్తూనే రోడ్డు వైపు చూడటం నాకు అలవాటైపోయింది.

ఇక వంపు సంగతి. దర్వాజాలు చేసేవాడికి ఎండిన చెక్కే మంచి చెక్క. పచ్చి చెక్క పెట్టిన వడ్రంగిని పరువు లేనివాడంటారు. నేనూ సర్వీసంతా అదే నేర్పాను. కాబట్టి స్టోర్‌లోంచి బాగా ఎండిన మంచి టేకు తీసి పలుచటి పట్టీ కోశాను. వెల్డింగ్ ఆయన పాత రేకులతో పొడుగాటి ఆవిరి పెట్టె చేసిచ్చాడు. వంచడానికి అచ్చు కావాలి కదా, హైవే మీద మెకానిక్ దగ్గర అరిగిపోయిన లారీ బ్రేక్ డ్రమ్ము తెచ్చాడు. దాని చుట్టుకొలత డప్పుకు అచ్చంగా సరిపోయింది. పట్టీని ఆవిరిలో ఉడికించి, గోనెపట్టాలు చేతులకు చుట్టుకుని, డ్రమ్ము చుట్టూ లాగాం. పావు వంతు తిరగకముందే ఫట్‌మని విరిగింది. ఇంకొకటి, అదీ విరిగింది. వెల్డింగ్ షెడ్డులోని కుర్రాళ్లంతా పని మానేసి మా గుమ్మంలో చేరారు. విరిగిన ప్రతిసారీ వాళ్లకు పండుగే.

ఫోన్‌లో వీడియోలు చూశాను. ఎవరెవరో తెల్లవాళ్లు, మన దగ్గర పెరగని చెట్లు, నాకు రాని భాష. చూడగా చూడగా ఒక్కటి మాత్రం అర్థమైంది. వాళ్లు వంచే చెక్క ఎండినది కాదు, కోసి ఎన్నాళ్లో కానిది. లోపల తడి ఉంటేనే ఆవిరికి నార మెత్తబడుతుంది. అంటే నేను సర్వీసంతా పరువు తక్కువ అన్న పనే ఇక్కడ మొదటి పాఠం. నాకు కొంచెం సిగ్గేసింది, కొంచెం నవ్వొచ్చింది.

పచ్చి తుమ్మ తెచ్చాం. కొంత వంగి చీలింది. తర్వాత న్యాల్‌కల్ వైపు ఒక రైతు పట్టుపురుగుల పెంపకం మానేసి మల్బరీ చెట్లు కొట్టేస్తున్నాడని తెలిసి, ఇద్దరం ఆటో కట్టుకుని పోయి సూటిగా ఉన్న మొద్దులు తెచ్చాం. మల్బరీ పట్టీ ఆవిరి పెట్టెలోంచి తీసి డ్రమ్ముకు ఆనించాం. అతను ఒక కొస పట్టుకున్నాడు, నేను ఇంకో కొస పట్టుకుని చుట్టూ నడిచాను. తడిగుడ్డలా చుట్టుకుంది. క్లాంపులు బిగించాక ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. వెల్డింగ్ ఆయన, "మాను వంగింది మాస్టర్ సాబ్! ఇగ మీరిద్దరు వంగుడే బాకి" అని కేకేశాడు. వంగిన చెక్కను చూసి అంత సంతోషపడతానని నేను ఎప్పుడూ అనుకోలేదు. నా వయసులో కొత్త పని వస్తుందన్న ఆశే లేదు నాకు.

వారం పది రోజుల తర్వాత క్లాంపులు విప్పాం. కొసలు పలుచగా చెక్కి ఒకదాని మీద ఒకటి వేసి, జిగురు పెట్టి, రాగి మేకులు దించాం. చేతిలో పట్టుకుంటే ఉందా లేదా అన్నట్టుంది. అతను దాన్ని వాలిన భుజానికి తగిలించుకుని షెడ్డంతా తిరిగాడు.

"సార్, దీని మీద జొన్నకంకులు చెక్కుత. కోతల పండుగ గద."

చట్రం బయటి ముఖం మీద చుట్టూ జొన్నకంకులు గీసిచ్చాను. అతను చెక్కడం మొదలుపెట్టాడు. చెయ్యి తేలికగా వేస్తున్నాడు. దూరం నుంచి చూస్తే పిల్లి గీరినట్టుంది.

"ఇంకా లోతుగ కొట్టు. పది మంది చూసేది" అన్నాను.

లోతుగానే కొట్టాడు. గింజ గింజా తేలింది. తోలు అతను వాళ్ల ఊళ్లోనే చింతగింజల జిగురుతో ఎక్కించి, వార్లు లాగి కట్టుకున్నాడు. పండుగకు నన్నూ రమ్మన్నాడు. నన్ను పండుగకు పిలిచినవాళ్లు అప్పటికి చాలా ఏళ్లుగా లేరు. ఇస్త్రీ చొక్కా వేసుకుని పోయాను.

ఊరి చివర పొలంలో చలికి జనం గుంపుగా నిలబడ్డారు. డప్పుల వాళ్లు చెరుకు ఆకు పోగేసి మంట పెట్టారు. వాయించే ముందు ప్రతి డప్పునూ మంటకు కాచాలి. వేడికి తోలు బిగుసుకుంటేనే అది పలుకుతుంది. ఆ సంగతి తెలియనివాడు తెలంగాణలో ఉండడు. నాకూ తెలుసు, అతనికైతే పుట్టినప్పటి నుంచీ తెలుసు. అయినా వేడికి మెత్తబడి వంగిన చెక్కను మళ్లీ వేడికి పెడితే ఏమవుతుందని మా ఇద్దరిలో ఒక్కరికీ తోచలేదు. నేను చెక్క గురించే ఆలోచించాను, అతను చప్పుడు గురించే ఆలోచించాడు.

అతను డప్పును గుడ్డలోంచి తీసినప్పుడు చుట్టూ ఉన్నవాళ్లు ముందుకు వంగారు. "అబ్బ, కంకులు సూడున్రి!" అన్నదొక ముసలామె. తమ్ముడు కూడా చేతిలోకి తీసుకుని తిప్పి చూశాడు. "మంచిగ చేసినవ్ అన్నా. కాపు, చూద్దాం" అన్నాడు.

మంట మీద తిప్పుతూ కాచాడు. తోలు బిగుస్తోంది. లోపల ఇంకా పూర్తిగా ఆరని మల్బరీ సడలుతోంది. వంపు తిరిగిన చెక్కకు బయటి ముఖం నారే పట్టు. సాగి నిలబడేది అదే. ఆ నారనే మేము జొన్నకంకుల కోసం లోతుగా నరికి పెట్టాం. ముందు ఒక కంకి దగ్గర చిట్లిన చప్పుడు, ఆ వెంటనే అతుకు ఊడిపోయింది. తోలు ఒక పక్కకు లాగేసింది. గుండ్రటి చట్రం అతని చేతిలో విల్లులా తెరుచుకుంది.

ఎవరూ నవ్వలేదు. నవ్వితే బాగుండేది.

అతను దాన్ని మళ్లీ గుండ్రంగా నొక్కి పట్టుకున్నాడు, చేతులతో పట్టుకుంటే నిలుస్తుందేమో అన్నట్టు. చర్చి గంట మోగింది. పాస్టరు బయలుదేరమని కబురు పంపారు.

"అన్నా, నువ్వు కూసో" అన్నాడు తమ్ముడు మెల్లగా. కోపం లేదు ఆ గొంతులో. "జర సల్లగ కూసో. మేం పోయొస్తం."

వరుస కదిలింది. జనమంతా దాని వెనక పోయారు. మంట దగ్గర మేమిద్దరమే మిగిలాం.

"లోతుగ కొట్టుమన్నది నేనే" అన్నాను.

"కొట్టింది నేను గద సార్."

డప్పుల చప్పుడు ఊళ్లోకి పోతోంది. అతని వేళ్లు మోకాలి మీద ఆ దరువే వేస్తున్నాయి. కొంతసేపటికి అది కూడా ఆపేసి, "బువ్వ తినిపోన్రి సార్, మా ఇంటామె మీకని కోడి కోసింది" అన్నాడు. తిన్నాను. ఏం తిన్నానో గుర్తు లేదు.

ఆ తర్వాత అతను షెడ్డుకు రాలేదు. చెరుకు నరకడానికి భార్యతో సహా కర్ణాటక వైపు పోయాడని తెలిసింది. కోపంతో పోలేదు, ఏటా పోయేదే. అయినా నేను రోడ్డు వైపు చూడటం మానలేదు. షెడ్డు మళ్లీ ఉలులకూ నాకూ మిగిలింది. ఈసారి ముందరికన్నా కష్టంగా ఉంది. ఎప్పుడూ తోడు లేనివాడికి ఒక బాధ, నాలుగు నెలలు తోడు మరిగినవాడికి ఇంకో బాధ.

చేసేది లేక చట్రాలు చేశాను. మల్బరీ పట్టీలు వంచి, డ్రమ్ముకు బిగించి, ఎండాకాలమంతా రేకుల షెడ్డు కింద అలాగే వదిలేశాను. ఆ ఎండలకు మనిషే ఎండిపోతాడు, చెక్క ఎంత? అతుకు ముందరికన్నా రెట్టింపు పొడుగు పెట్టాను. ఒక్కొక్కటీ విప్పి, తోలు ఎక్కించి, షెడ్డు వెనక మంట పెట్టి కాచాను. ఒకటి తెరుచుకుంది. ఒకటి కోడిగుడ్డులా సాగింది. వెల్డింగ్ ఆయన గోడ మీద నుంచి చూసి, "డప్పు మాస్టర్ సాబ్, పెళ్లి ఎవరిది?" అనేవాడు. ఒకరోజు మాత్రం వేళాకోళం మానేసి, నా పక్కన కూర్చుని మంటలో పుల్లలు వేశాడు. "ఆయన వస్తడు. ఫికర్ చెయ్యకు" అన్నాడు. నేను చట్రాల గురించి ఫికర్ చేస్తున్నానని చెప్పాను. నమ్మలేదు.

చివరికి ఒకటి నిలిచింది. మళ్లీ మళ్లీ కాచినా గుండ్రంగానే ఉంది.

వానలు మొదలయ్యాక ఒక పొద్దున అతను వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు, నిన్న సాయంత్రం వెళ్లి ఈ పొద్దున వచ్చినట్టు. ఎండకు బాగా నల్లబడ్డాడు. నేను తోలు విప్పేసి ఉంచిన ఆ చట్రం చేతికిచ్చాను. అటూ ఇటూ తిప్పాడు, భుజానికి తగిలించాడు. తేలికగా ఉందన్నాడు. మొహంలో మాత్రం వెలుగు రాలేదు.

"ఏమైంది?"

"బోడిగ ఉంది సార్. కంకులు లేవు."

"కంకులు చెక్కితే ఏమైందో మర్సిపోయినవా? బయట ఉలి ముట్టొద్దు."

"లోపల?"

నేను చట్రం తీసుకుని చూశాను. లోపలి ముఖం నార సాగేది కాదు, నొక్కుకుపోయేది. పైపైన గీసినట్టు చెక్కితే దానికేం కాదు. కానీ లోపలి వైపు తోలు వెనక ఉంటుంది, వాయించేవాడి పొట్ట వైపు ఉంటుంది.

"లోపల చెక్కితే ఎవరు చూస్తరయ్యా?"

"నేను సూస్త గద సార్."

సరేనన్నాను. లోపలి ముఖం మీద ఉలి పట్టడం కష్టం, చెయ్యి తిరగదు. వానాకాలమంతా, పని దొరకని రోజుల్లో వచ్చి, ఒక్కొక్క గింజే చెక్కాడు. లోతుగా కొట్టమని నేను అనలేదు. నిజం చెప్పాలంటే తొందరగా కానిమ్మని కూడా అనలేదు. ఈ లోపు కార్యదర్శిగారికి వంపుల మీద మోజు తీరిపోయింది. కోర్సు ఎత్తేసి ఆ షెడ్డులో కంప్యూటర్లు పెడతామని కబురొచ్చింది. నేను రిటైరయ్యాను. వీడ్కోలు సభలో నా సేవల గురించి చాలా మంచి మాటలు చెప్పారు, అన్నీ దర్వాజాల గురించే. గది మాత్రం ఖాళీ చేయలేదు. కోతల పండుగ దాకా ఉంటానని ఓనరుకు చెప్పాను. నేను హిందువును కాదనుకున్నాడో ఏమో, ఆ తర్వాత ఆయన నాతో యేసు ప్రభువు గురించి మాట్లాడేవాడు.

పండుగ రోజు మళ్లీ అదే పొలం, అదే చలి. చెరుకు ఆకు మంట పెట్టారు. అతను డప్పు బయటికి తీశాడు. ఈసారి ఎవరూ దగ్గరికి వచ్చి చూడలేదు, చూడటానికి బయట ఏమీ లేదు. అతను మంట ముందు కూర్చుని కాచడం మొదలుపెట్టాడు. నేను చూడలేక చెరుకు తోట వైపు తిరిగి నిలబడ్డాను. నా చెవులు మాత్రం వెనకే ఉన్నాయి. చిట్లే చప్పుడు కోసం ఎదురుచూస్తున్నాను.

తోలు మీద చిర్ర పుల్ల దెబ్బ వినపడింది. ఇంకొకటి.

"ఇయ్యి ఇటు" అని తమ్ముడు తీసుకుని తనూ ఒక దరువు వేశాడు. చెవి దగ్గర పెట్టుకుని ఇంకోసారి మోగించాడు. "పలుకుతుంది" అని అన్న చేతికిచ్చి, వరుసలో తన పక్కనున్నవాణ్ని కొంచెం జరగమన్నాడు.

అతను డప్పు భుజానికి తగిలించుకుని తల వంచి లోపలికి ఒకసారి చూసుకున్నాడు. తర్వాత నా దగ్గరికి వచ్చాడు.

"రాన్రి సార్, గుడి దాక."

"నువ్వు పో. నేను ఈడికెల్లే ఇంట. దూరం నుంచి ఎట్ల పలుకుతదో చూడాలె."

అది నిజమే. దగ్గర చప్పుడు మోసం చేస్తుంది. అతను ఇంకా ఏదో అనబోయాడు గానీ తమ్ముడు పిలిచాడు. పరుగులాంటి నడకతో పోయి వరుసలో నిలబడ్డాడు. డప్పులు ఒక్కసారిగా ఎత్తుకున్నాయి. జొన్న మూటలు, చెరుకు గడలు, అల్లం బుట్టలు ఎత్తుకున్నవాళ్లు వెనక కదిలారు. ఊరి మలుపు దాకా అతని వాలిన భుజం కనపడింది. వెనక్కి తిరిగి చూడలేదు. డప్పు కొట్టేవాడు చూడకూడదు కూడా, అడుగు తప్పుతుంది.

నేను మంట పక్కన కూర్చుని విన్నాను. వాళ్ల చప్పుళ్లలో మల్బరీ డప్పుది ఏదో విడదీసి పట్టుకోవాలని చూశాను. చాలాసేపు చూశాను. దొరకలేదు. అన్నీ కలిసి ఒక్కటే చప్పుడుగా వస్తోంది. అంటే మేము చేసింది సరిగ్గా కుదిరిందన్నమాట. ఇంకేం కావాలి నాకు, కళ్లు తుడుచుకున్నాను.

చర్చి దగ్గరికి పోయేదాకా ఆ చప్పుడు ఎక్కడా తగ్గలేదు, మధ్యలో ఎవరూ ఆగిపోలేదు. ఊరు ఊరంతా అక్కడే ఉంది. పొలంలో మంట ఆరిపోతోంది. పోయినేడు కూడా ఇదే చోట కూర్చుని ఇదే చప్పుడు విన్నాను. అప్పుడు పక్కన మనిషి ఉన్నాడు.